చవక టీవీ యూనిట్ మీద చేపల తొట్టి: బరువు స్క్రూ మీద కాదు, కట్టె మీద కూర్చోవాలి

మా ఇంట్లో మొదటి చేపల తొట్టి పాత కంప్యూటర్ టేబుల్ మీద పదకొండు వారాలు నిలిచింది. పన్నెండో వారంలో ఒక రాత్రి హాల్లోంచి 'టక్' మని చప్పుడు వచ్చింది. లేచి చూస్తే అంతా మామూలుగానే ఉంది. పొద్దున్నే మా అమ్మాయి "నాన్నా, నీళ్లు ఏటవాలుగా ఉన్నాయేంటి?" అనడిగింది. నిజమే. ఎడమవైపు నీటిమట్టం తొట్టి అంచుకి దాదాపు తగులుతోంది, కుడివైపు రెండు వేళ్లు కిందికి ఉంది. వంగింది నీళ్లు కాదు, టేబుల్.

బకెట్లతో నీళ్లు తోడేసి, చేపల్ని స్టీలు బిందెలోకి మార్చి, టేబుల్ విప్పాను. పక్క పలకను పై పలకతో కలిపే గుండ్రటి లాక్ ఒకటి సగం ఊడి ఉంది. దాన్ని వేలితో తడితే రంధ్రంలోంచి ఉప్మా రవ్వలాంటి పొడి రాలింది. యాభై అరవై కిలోల బరువు ఇన్నాళ్లూ ఆ పొడి మీదే ఆగిందన్నమాట.

ఆ తర్వాత హైదరాబాద్ ఎర్రగడ్డ ఆదివారం సంతలో ఒక పాత టీవీ యూనిట్ కొని, దాన్ని విప్పి, లోపల కట్టె పెట్టి గట్టిచేశాను. రెండున్నర అడుగుల తొట్టి ఇప్పుడు దాని మీదే ఉంది. చేసిన పనంతా వరసగా చెబుతాను. కొలతలు నా యూనిట్‌వి: పొడవు 42 అంగుళాలు, లోతు 16, ఎత్తు 22. లోపల ఒక అర, ముందు రెండు తలుపులు. మీదాని కొలతలు వేరుగా ఉంటాయి కాబట్టి అంకెల కంటే ఆ అంకె ఎందుకు వచ్చిందో పట్టుకోండి.

ముందు బరువు లెక్క

షాపులో ఖాళీ తొట్టిని ఒక్కరే ఎత్తి ఆటోలో పెడతారు. అందుకే చాలామంది బరువు విషయంలో మోసపోతారు. ఒక ఘనపు అడుగులో 28.3 లీటర్ల నీళ్లు పడతాయి, లీటరు నీళ్లు కిలో. తొట్టి పొడవు, వెడల్పు, ఎత్తు అడుగుల్లో హెచ్చించి 28.3 తో గుణిస్తే నీటి బరువు వస్తుంది. నా తొట్టి 2.5 × 1 × 1.25 అడుగులు. అంటే 3.125 ఘనపుటడుగులు, 88 కిలోల నీళ్లు.

గాజు బరువు కూడా సులువుగానే తేలుతుంది. ఒక చదరపు మీటరు గాజు, ప్రతి మిల్లీమీటరు మందానికి 2.5 కిలోలు తూగుతుంది. నాది 6 మిల్లీమీటర్ల గాజు, ఐదు పలకలూ కలిపి ఒక చదరపు మీటరు కంటే కాస్త ఎక్కువ. అంటే 16 కిలోలు. అడుగున గులకరాళ్లు 15 కిలోలు, పైన మూత, ఫిల్టరు, అలంకారానికి పెట్టిన రాయి కలిసి ఇంకో ఐదారు. మొత్తం 125 కిలోలు. ఇద్దరు మనుషులు ఆ యూనిట్ ఎక్కి రాత్రీ పగలూ దిగకుండా నిలబడితే ఎంతో అంత.

'దిగకుండా' అన్నమాటే ఇక్కడ అసలు సంగతి. స్టూలు మీద మనిషి ఎక్కి బల్బు మార్చి దిగుతాడు, స్టూలు ఊపిరి పీల్చుకుంటుంది. తొట్టి బరువు దిగదు. చెక్కపొట్టుతో చేసిన పలక ఎప్పుడూ ఒకే బరువు కింద ఉంటే నెలల తరబడి మెల్లగా వంగుతూనే ఉంటుంది. మొదటి వారం బాగుంది కదా అని నమ్మడానికి లేదు. నా టేబుల్ కూడా మొదటి వారం బాగానే ఉంది.

ఇదే లెక్క నాలుగడుగుల తొట్టికి వేయండి: 4 × 1.5 × 1.5 అంటే 9 ఘనపుటడుగులు, నీళ్లే 255 కిలోలు. గాజు, రాళ్లు కలిస్తే మూడు వందలు దాటుతుంది. అంత తొట్టికి నేను చవక ఫర్నిచర్‌ని తాకను. వెల్డింగ్ షాపుకి వెళ్లి ఒకటిన్నర అంగుళం చదరపు పైపుతో స్టాండు చేయించుకోవడమే మేలు. కింద చెప్పేదంతా రెండు నుంచి రెండున్నర అడుగుల తొట్టి కోసమే.

ఏది కొనొచ్చు, ఏది వద్దు

చవక ఫర్నిచర్ అంటే మూడు రకాల పలకలు. మొదటిది పార్టికల్ బోర్డు: చెక్కపొట్టు, జిగురు కలిపి ఒత్తిన పలక, పైన సన్నటి డిజైను పొర. రెండోది ఎండీఎఫ్: ఇంకా మెత్తటి పీచుతో చేసింది, అంచు నున్నగా ఉంటుంది. మూడోది బోలు పలక: పైనా కిందా పలచటి పొర, లోపల తేనెపట్టు ఆకారంలో కాగితం. 2018 ఆగస్టు 9న హైదరాబాద్‌లో ఐకియా దుకాణం తెరిచాక ఇలాంటి తేలికపాటి బల్లలు మన ఇళ్లలో మామూలైపోయాయి. వాటి తప్పేం లేదు, అవి కాఫీ కప్పుల కోసం, పూలకుండీల కోసం చేసినవి. ఎంత బరువు ఆనుతుందో కాగితం మీద అచ్చువేసే ఇస్తారు.

బోలు పలకను కనిపెట్టడం సులువు. వేలి కణుపుతో పలక మధ్యలో కొట్టండి. డప్పులా మోగితే వదిలేయండి, దాన్ని గట్టిచేయడం కంటే కొత్తది కొట్టించడం తేలిక. 'టప్' మని మొద్దుగా వినిపిస్తే పార్టికల్ బోర్డో ఎండీఎఫో, దాంతో పని చేయొచ్చు.

తర్వాత యూనిట్‌ని బోర్లించి కింది అంచులు చూడండి. ఇల్లు తుడిచిన తడి తగిలి అంచు ఉబ్బి, బిస్కెట్టు టీలో ముంచినట్టు పొరలు విచ్చుకుని ఉంటే దాన్ని కొనకండి. ఉబ్బిన పార్టికల్ బోర్డు మళ్లీ మామూలు కాదు, బలం తిరిగి రాదు. చక్రాల మీద నడిచే స్టాండు, కీబోర్డు కోసం లాగే అర ఉన్న టేబుల్, పైన గాజు ఉన్న టీవీ స్టాండు కూడా వద్దు. కుట్టుమిషన్ ఇనుప స్టాండు చూస్తే నాకూ ఆశ పుట్టింది, ఇనుము బలమైనదే, కానీ ఒక్క చేత్తో నెడితే ఊగుతుంది.

పొట్టిగా, వెడల్పుగా, పెట్టెలా నాలుగు వైపులా మూసి ఉన్నది వెతకండి. టీవీ యూనిట్, చెప్పుల అలమర, పొట్టి సొరుగుల బల్ల దీనికి బాగుంటాయి. లోతు మాత్రం తొట్టి వెడల్పు కంటే కనీసం మూడు నాలుగు అంగుళాలు ఎక్కువ ఉండాలి.

ఆచారి గారు చెప్పిన మాట

కట్టె కోయించడానికి మా వీధి చివరి వడ్రంగి ఆచారి గారి దగ్గరికి వెళ్లినప్పుడు నా ఆలోచన వేరు. నాలుగు మూలలా ఇనుప ఎల్ క్లాంపులు బిగిస్తే సరిపోతుందనుకున్నాను. ఆయన ఊడిన లాక్ రంధ్రంలోకి చూసి అన్నారు: "సార్, ఈ బోర్డు స్క్రూను పట్టది, మింగుతది. బరువు కట్టె మీద కూసోవాలె."

ఈ పనంతటికీ అదే సూత్రం. ఎల్ క్లాంపు పెట్టినా, పెద్ద స్క్రూ పెట్టినా, బరువు చివరికి ఆ స్క్రూ పట్టుకున్న చెక్కపొట్టు మీదే పడుతుంది. అలా కాకుండా తొట్టి ప్లైవుడ్ మీద, ప్లైవుడ్ అడ్డకట్టె మీద, అడ్డకట్టె కాలు నెత్తి మీద, కాలు నేల మీద కూర్చుంటే స్క్రూలకు బరువు మోసే పనే లేదు. కట్టెలు పక్కకు జారకుండా పట్టుకోవడమే వాటి పని. ఇలా చేస్తే పాత యూనిట్ ఒక తొడుగుగా మిగులుతుంది, మోసేది లోపలి కట్టె.

కావలసిన సామాను

రెండంగుళాల చదరపు కట్టె 20 అడుగులు. నా లెక్కలో అడ్డకట్టెలు రెండు, ఒక్కోటి 40 అంగుళాలు. కాళ్లు ఆరు, ఒక్కోటి సుమారు 16. అడ్డకట్టెల మధ్య వచ్చే జతకట్టెలు మూడు, ఒక్కోటి 10 అంగుళాలు. అన్నీ కలిపి 206 అంగుళాలు, పదిహేడు అడుగులకు కాస్త ఎక్కువ. మిగతాది కోతకు, తప్పులకు. టింబర్ డిపోలో వేప ఉంటే తీసుకోండి, చెద అంత తొందరగా పట్టదు. లేదంటే ఆరిన ఏ గట్టి కర్రయినా సరే. ఆరని పచ్చి కర్ర చవకే, కానీ ఆరేకొద్దీ మెలితిరుగుతుంది. కట్టెను కంటి ముందు పెట్టుకుని ఒక కన్ను మూసి చివరిదాకా చూస్తే వంకర తెలిసిపోతుంది.

ప్లైవుడ్‌లో పైకి 19 మిల్లీమీటర్లది, వెనక్కి 12 మిల్లీమీటర్లది. పైన పెట్టేది తప్పకుండా నీటికి తట్టుకునే రకం కావాలి, షాపులో మెరైన్ ప్లై అంటారు. దాని మీద ఐఎస్ 710 (ఐఎస్ అంటే భారత ప్రమాణం) అనే ముద్ర ఉందో లేదో చూసుకోండి. వెనకది ఐఎస్ 303 బీడబ్ల్యూఆర్ (మరిగే నీటిని తట్టుకునే) రకమైనా చాలు. నిండు షీటు కొనక్కర్లేదు, ప్లై షాపుల్లో కట్ పీసులు దొరుకుతాయి, కొలత చెబితే వాళ్లే కోసి ఇస్తారు.

ఇవి కాక తడికి ఆగే రకం ఫెవికాల్, 32 మిల్లీమీటర్ల స్క్రూలు ఒక డబ్బా, 75 మిల్లీమీటర్లవి ఇరవై, ఉప్పుకాగితం, సిలికాన్ ట్యూబు, కాస్త ఎనామిల్ రంగు, సన్‌మైకా తుంపులు కొన్ని. సన్‌మైకా ఎందుకో తర్వాత తెలుస్తుంది. స్క్రూల విషయంలో ఒక మాట: నల్లటి జిప్సం స్క్రూలు చవక అని అందరూ వాడేస్తారు. అవి పెళుసు, పక్కకి ఒత్తిడి పడితే తెగుతాయి, తడికి తుప్పు పడతాయి. సికింద్రాబాద్ రాణిగంజ్ వెళ్లే పని ఉంటే స్టెయిన్‌లెస్‌వి తెచ్చుకోండి.

డ్రిల్లు మిషన్, రంపం, మూలమట్టం, టేపు, రసమట్టం ఇంట్లో లేకపోతే ఒక పూటకు అడిగి తెచ్చుకోవచ్చు.

విప్పడం, మళ్లీ బిగించడం

తలుపులు, మధ్య అర, వెనక ఉన్న పలచటి అట్ట తీసేయండి. తర్వాత మూలల లాకులు వదులు చేసి, పలకలు కలిసే చోట చెక్క మేకుల మీద ఫెవికాల్ రాసి మళ్లీ బిగించండి. కంపెనీ బిగింపులో జిగురు ఉండదు, ఎందుకంటే అది విప్పి తీసుకెళ్లేందుకు చేసింది. మనకి ఇక విప్పే పని లేదు. బిగించాక రెండు మూలల మధ్య ఐమూలగా టేపు పెట్టి కొలవండి. రెండు ఐమూలలూ సమానంగా వస్తే పెట్టె చదరంగా ఉన్నట్టు. ఒక రాత్రి ఆరనివ్వండి.

తలుపుల కీలు ఊడిన రంధ్రాలుంటే అగ్గిపుల్లలకు ఫెవికాల్ రాసి కూరి, ఆరాక మళ్లీ స్క్రూ బిగించొచ్చు. తలుపుకి ఆ చిట్కా బాగా పనిచేస్తుంది. తొట్టి బరువు పడే చోట మాత్రం వద్దు.

పైన ప్లైవుడ్

19 మిల్లీమీటర్ల ప్లైని తొట్టి సైజుకి కాదు, యూనిట్ మొత్తానికి, అంటే 42 × 16 అంగుళాలకు కోయించండి. తొట్టి సైజుకే కోస్తే దాని అంచు పాత పలకను ఒకే గీత మీద నొక్కుతుంది.

దీన్ని పాత పలక మీద ఊరికే పెట్టడానికీ అంటించడానికీ చాలా తేడా ఉంది. రెండు అట్టముక్కలు ఒకదాని మీద ఒకటి పెట్టి వంచి చూడండి, ఒకదాని మీద ఒకటి జారుతూ సులువుగా వంగుతాయి. వాటినే అంటించి ఆరాక వంచండి. మందం రెట్టింపైతే గట్టిదనం ఎనిమిది రెట్లవుతుంది, కానీ రెండూ ఒకటిగా కలిసినప్పుడే.

చిక్కు ఏమిటంటే పాత పలక మీదున్న నున్నటి పొరకు ఫెవికాల్ అంటదు. ఆ పొర పోయి లోపలి గోధుమరంగు కనిపించేదాకా గరుకు ఉప్పుకాగితంతో రుద్దాలి. నాకు దీనికే ఒక మధ్యాహ్నం పట్టింది, ఇల్లంతా దుమ్ము, ఇంట్లో వాళ్లతో చీవాట్లు. బాల్కనీలో చేసుకోండి. రుద్దాక దుమ్ము తుడిచి, జిగురు దువ్వెనలా గీతలుగా పరిచి, ప్లై పెట్టి, కింది నుంచి, అంటే యూనిట్ లోపలి వైపు నుంచి, ఆరేసి అంగుళాలకు ఒకటి చొప్పున 32 మిల్లీమీటర్ల స్క్రూలు ఎక్కించండి. 18 మిల్లీమీటర్ల పాత పలక దాటి ప్లైలోకి 14 మిల్లీమీటర్లు దిగుతాయి, పైకి పొడుచుకురావు. ప్రతి స్క్రూకి ముందు సన్నటి రంధ్రం వేయండి, చివరి రెండు చుట్లు చేత్తో తిప్పండి. మిషన్‌తో ఆఖరిదాకా తిప్పితే పలక లోపల అరిగి రవ్వయిపోతుంది.

లోపలి అడ్డకట్టెలు, కాళ్లు

తొట్టిని పైన మధ్యలో పెట్టి పెన్సిల్‌తో చుట్టూ గీయండి. గాజు గోడలు ఎక్కడ పడుతున్నాయో తెలుస్తుంది. ముందు గోడ కింద ఒక అడ్డకట్టె, వెనక గోడ కింద ఒకటి రావాలి. నా యూనిట్ లోతు 16, తొట్టి వెడల్పు 12, కాబట్టి ముందు రెండంగుళాల ఖాళీ ఉంది. అడ్డకట్టెను ముందు అంచుకు అంగుళం లోపలికి పెట్టాను. గాజు దాని నడుం మీద పడింది, తలుపు మూసుకోవడానికి చోటు మిగిలింది.

అడ్డకట్టెలను పై పలకకు కింది నుంచి జిగురు రాసి, 75 మిల్లీమీటర్ల స్క్రూలతో పట్టించండి. ముందు వెనక కట్టెల మధ్య మూడు జతకట్టెలు, నిచ్చెన మెట్లలా. అవి కట్టెలు మెలిపడకుండా ఉంచడానికే.

ఇప్పుడు కాళ్లు. ముందు మూడు, వెనక మూడు: తొట్టి రెండు చివరల కింద చెరొకటి, మధ్యలో ఒకటి. యూనిట్ పక్క పలకలు ఎలాగూ ఉన్నాయి కదా అని వాటికి ఆనించి కాళ్లు పెట్టొద్దు. తొట్టి చివర పక్క పలకకు ఆరంగుళాల ఇవతల ఉంది, బరువు అక్కడ దిగుతోంది, కాలు అక్కడే ఉండాలి. మధ్య కాలు మానేద్దామా అని నేనూ అనుకున్నాను. కానీ బరువు అంతటా సమంగా పరుచుకున్న చోట ఆధారాల మధ్య దూరం సగమైతే వంపు పదహారో వంతుకు పడిపోతుంది. రెండు చిన్న కట్టెలకు అంత లాభం ఇంకెక్కడా రాదు.

కాళ్ల పొడవు దగ్గరే చేతిపని తెలుస్తుంది. ఆరు కాళ్లూ ఒకే కొలతకు కోసేయకండి. డిపోలో రెండంగుళాలని ఇచ్చిన కట్టె చిత్రిక పట్టాక అంగుళం ముప్పావే మిగులుతుంది, పాత పలక ఒకచోట కాస్త వంగి ఉండొచ్చు. అందుకే ఒక్కో చోట అడ్డకట్టె అడుగు నుంచి కింది పలకదాకా విడిగా కొలిచి, కాలు మీద నంబరు వేసి కోయండి. నాకు ఆరింట్లో పొడవాటి దానికీ పొట్టి దానికీ మూడు మిల్లీమీటర్ల తేడా వచ్చింది. కాలు చేత్తో తోస్తే జారిపోతే పొట్టిది, అలాంటి కాలు ఉన్నా లేనట్టే. దాని నెత్తిన సన్‌మైకా తుంపు పెట్టండి, ఒక్కోటి మిల్లీమీటరు మందం. చెక్క సుత్తితో మెల్లగా తడితే లోపలికి వెళ్లి నిలబడితే అదీ సరైన కొలత. గట్టిగా బాదితే గానీ పోనిదైతే పై పలకను లేపేస్తుంది, కాస్త చిత్రిక పట్టండి. నిలబెట్టాక పైనా కిందా ఏటవాలుగా ఒక్కో స్క్రూ వేస్తే చాలు.

చాలామంది మరిచిపోయే దిమ్మెలు

కాలు కింది పలక మీద నిలబడింది. మరి కింది పలక దేని మీద నిలబడింది? యూనిట్‌ని వంచి చూడండి. చాలా యూనిట్లలో కింది పలక నేలకి రెండంగుళాల ఎత్తులో గాల్లో ఉంటుంది, నాలుగు మూలల్లో ప్లాస్టిక్ బుడిపెలు మాత్రమే. అంటే ఇంత కష్టపడి కట్టె మీదుగా దింపిన బరువును మళ్లీ చెక్కపొట్టు పలకకే అప్పగిస్తున్నాం. ప్రతి కాలు కింద సరిగ్గా అదే చోట, పలకకూ నేలకూ మధ్య ఒక కట్టె దిమ్మె పెట్టండి. మూడంగుళాల పొడవు చాలు. దిమ్మె అడుగున పలచటి రబ్బరు ముక్క అంటిస్తే ఇల్లు తుడిచేటప్పుడు తడి ఎక్కదు. ప్లాస్టిక్ బుడిపెలు తీసేయండి, లేకపోతే వాటికీ దిమ్మెలకూ ఎత్తు కుదరక యూనిట్ కుంటుతుంది.

వెనక పలక

ఖాళీ అగ్గిపెట్టె తొడుగును నిలబెట్టి పక్క నుంచి వేలితో నెట్టండి, చప్పున పడుకుంటుంది. లోపలి పెట్టెను దోపి మళ్లీ నెట్టండి, కదలదు. వెనక పలక చేసే పని అదే. బరువు కిందికి దిగడానికి కాళ్లు పెట్టాం, కానీ పిల్లలు పక్కనుంచి తోసినా, మనమే మూత తీస్తూ ఆనుకున్నా, పెట్టె ఐమూలగా వాలకుండా ఆపేది వెనక పలకే. కంపెనీ ఇచ్చిన మూడు మిల్లీమీటర్ల అట్ట టీవీ కోసం. దాని చోట 12 మిల్లీమీటర్ల ప్లై పెట్టి, పక్క పలకలకూ, వెనక అడ్డకట్టెకూ, వెనక కాళ్లకూ ఆరంగుళాలకొక స్క్రూ వేయండి. కాళ్లకు తగిలే స్క్రూలే గట్టిగా పట్టేవి. వైర్లు, పైపులు పోవడానికి ఒక మూల పైభాగాన రంధ్రం చేయండి, మధ్యలో పెద్ద చదరం కోసేయొద్దు.

ఇది బిగించాక పక్కనుంచి నెట్టి చూశాను. ముందు కిర్రుకిర్రుమని ఊగిన యూనిట్ నేలమీద జరిగింది తప్ప వాలలేదు.

తడి నుంచి కాపాడటం

తొట్టి పగలకపోయినా నీళ్లు పడతాయి. వారం వారం నీళ్లు మార్చేటప్పుడు పైపు జారుతుంది, చేతులు కారుతాయి. పార్టికల్ బోర్డుకు నీళ్లు ఎక్కేది కోసిన అంచుల్లోంచి, స్క్రూ రంధ్రాల్లోంచి. ఆ అంచులన్నిటికీ, మీరు కొత్తగా చేసిన రంధ్రాలతో సహా, రెండు పూతల ఎనామిల్ రంగు వేయండి. కింది అంచులు అస్సలు మరిచిపోవద్దు, ఎవరికీ కనిపించవని వదిలేసేది అక్కడే. ప్లై పైభాగానికి కూడా రంగు లేదా పాలిష్ వేసి, ప్లైకీ పాత పలకకీ మధ్య కనిపించే గీత వెంట సిలికాన్ పూయండి.

ఎక్స్‌టెన్షన్ బాక్సును నేల మీద పెట్టకుండా లోపల పక్క పలకకు ఎత్తులో బిగించండి. ఫిల్టరు వైరు తొట్టి నుంచి నేరుగా ప్లగ్గులోకి రాకూడదు. ముందు ప్లగ్గు కంటే కిందికి వేలాడి, మళ్లీ పైకెక్కి ప్లగ్గులోకి వెళ్లాలి. వైరు వెంట జారిన నీటిబొట్టు ఆ వంపు దగ్గరే రాలిపోతుంది. ఇంట్లో 30 మిల్లీయాంపుల ఆర్‌సీసీబీ, అంటే కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే స్విచ్చు, లేకపోతే ఎలక్ట్రీషియన్‌ను పిలిచి పెట్టించండి, ఇది తొట్టి ఉన్నా లేకపోయినా ఉండాల్సిందే.

ఎక్కడ పెట్టాలి

అపార్ట్‌మెంట్లలో అందరూ అడిగేది: శ్లాబు ఆగుతుందా అని. భవనాల మీద పడే బరువులకు ఉన్న ప్రమాణం ఐఎస్ 875 ప్రకారం నివాస గదుల నేలను చదరపు మీటరుకి 200 కిలోల వాడకపు బరువుకు లెక్కగడతారు. 125 కిలోల తొట్టికి టెన్షన్ అక్కర్లేదు, అయినా గది నడిమధ్యలో కాకుండా గోడవార, దూలం ఉన్న వైపు పెట్టండి. పాత ఇల్లయి శ్లాబు పెచ్చులూడుతుంటే మాత్రం ఇంజినీరుకి చూపించకుండా పెద్ద తొట్టి పెట్టొద్దు. ఎండ నేరుగా పడే కిటికీ పక్కన వద్దు, నీళ్లు పచ్చబడతాయి. వెనక గోడకు, యూనిట్‌కు మధ్య రెండు క్లాంపులు వేస్తే చిన్నపిల్లలు తలుపు పట్టుకుని వేలాడినా ముందుకు పడదు.

మట్టం చూడటానికి రసమట్టాన్ని పొడవునా, అడ్డంగా, ఐమూలగా పెట్టండి. తేడా ఉంటే సర్దాల్సింది దిమ్మెల కింద, అక్కడే సన్‌మైకా తుంపు పెట్టాలి. తొట్టికీ బల్లకీ మధ్య కార్డు ముక్కలు ఎప్పుడూ పెట్టొద్దు. ఒక మూల ఎత్తితే బరువంతా ఆ మూల గాజు మీదికి వస్తుంది, పగులు అక్కడే మొదలవుతుంది.

బియ్యం బస్తాల పరీక్ష

చేపల మీద ప్రయోగం చేయడం కంటే బియ్యం మీద చేయడం మంచిది. 25 కిలోల బస్తాలు ఐదైతే సరిగ్గా 125 కిలోలు. మా ఇంట్లో రెండుంటే పక్క ఫ్లాట్ల నుంచి మూడు అడిగి తెచ్చాను, "పెళ్లి ఏమైనా ఉందా?" అనడిగారు. పెన్సిల్ గీత లోపలే, ముందు వైపు రెండంగుళాల ఖాళీ వదిలి పేర్చండి.

బస్తాలు పెట్టకముందే ఆ ఖాళీ జాగాలో ఒక కొలత తీసుకోవాలి. మూడు ఒకేలాంటి రూపాయి బిళ్లలు కావాలి. పై పలక ముందు అంచు వెంట రెండు చివర్లా ఒక్కో బిళ్ల పెట్టి, వాటి మీదుగా కుట్టుదారం బిగుతుగా లాగి టేపుతో అంటించండి. మూడో బిళ్లను మధ్యలో దారం కిందికి జరపండి. దారానికి తగిలీ తగలనట్టు దూరితే పలక తిన్నగా ఉంది. బస్తాలు పెట్టాక, మర్నాడు, మూడో రోజు మళ్లీ అదే చేయండి. బిళ్ల మీద ఒక పోస్టుకార్డు పట్టేంత సందు వస్తే భయం లేదు, కట్టెలు సర్దుకుంటాయి. కానీ ఆ సందు రోజురోజుకీ పెరుగుతుంటే, లేదా రెండు మిల్లీమీటర్లు దాటితే, ఎక్కడో ఒక కాలు వదులుగా ఉంది. బస్తాలు దించి ఒక్కో కాలునూ చేత్తో కదిపి చూడండి. నాకు మూడో రోజుకి ఎడమ వెనక కాలు దొరికింది. దాని నెత్తిన ఒక తుంపు చాలలేదు, రెండు పెట్టాల్సి వచ్చింది.

తొట్టి ఎక్కించి నీళ్లు నింపడం

అడుగు గాజు నేరుగా బల్లకి తగిలే తొట్టి అయితే కింద అర అంగుళం థర్మకోల్ షీటు పరవండి. ఇసుక రేణువో, రంగు గడ్డో కింద ఉన్నా అది సర్దుకుంటుంది. వంగిన బల్లను మాత్రం థర్మకోల్ సరిచేయదు. అడుగున ప్లాస్టిక్ ఫ్రేమ్ ఉన్న తొట్టికి థర్మకోల్ వద్దు, ఫ్రేమ్ అంచుల మీద నిలబడేలా చేసింది అది.

మూడో వంతు నింపి ఒక గంట ఆగండి. నాలుగు మూలల్లో నీటి అంచు నుంచి తొట్టి పై అంచుకు స్కేలుతో కొలవండి. రసమట్టం కంటే నమ్మకమైన మట్టం ఇదే. ఒకటి రెండు మిల్లీమీటర్ల తేడా పర్వాలేదు. అంతకు మించితే నీళ్లు తోడేసి, తొట్టి దించి, దిమ్మెల కింద సర్దండి. నీళ్లున్న తొట్టిని ఇద్దరు కలిసి కాస్త జరుపుదామనుకోవద్దు. సరిగ్గా ఉంటే సగానికి నింపి ఒక రాత్రి, తర్వాత పూర్తిగా నింపి రెండు రోజులు చేపలు లేకుండా ఉంచండి. నీళ్లు కుదురుకోవడానికి ఎలాగూ ఆ సమయం కావాలి.

తర్వాత ఏం చూడాలి

యూనిట్ మొదట తలుపుల్లోనే చెబుతుంది. నిన్నటిదాకా మూసుకున్న తలుపు ఇవాళ పైన రాసుకుంటోందంటే, రెండు తలుపుల మధ్య సందు పైన ఇరుకై కింద వెడల్పయిందంటే, ఏదో వంగుతోంది. కీలు బిగించి ఊరుకోకండి, మళ్లీ దారం లాగి బిళ్లతో కొలవండి. మొదటి మూడు నెలలు పదిహేను రోజులకోసారి, తర్వాత రెండు నెలలకోసారి చాలు. కింది అంచులను వేలితో తడిమితే ఉబ్బు తెలుస్తుంది. నేల అంతస్తులో ఉన్నవాళ్లు దిమ్మెల దగ్గర చెద మట్టి గీతలు కూడా చూసుకోవాలి.

ఎప్పుడైనా సందు పెరిగిందనిపిస్తే ముందు బకెట్టుతో సగం నీళ్లు తోడేయండి. నలభై కిలోలకు పైగా బరువు పది నిమిషాల్లో తగ్గుతుంది, చేపలు అందులోనే ఉండొచ్చు. అప్పుడు తీరిగ్గా ఏ కాలు వదులైందో వెతకొచ్చు. నేను తలుపు లోపలి వైపు పెన్సిల్‌తో తేదీ, పక్కనే సందు ఎంతో రాసిపెడుతున్నాను. ఇప్పటిదాకా పదకొండు వరసలున్నాయి, చివరి ఏడింట్లో ఒకే అంకె ఉంది.